రాతి గుల్లతో తిరుమల కొండకు

అలిపిరి చెకింగ్‌లో నా బ్యాగు ఆపారు. స్కానింగ్‌లో గుండ్రంగా ఏదో కనబడిందట. తీసి చూపిస్తే సెక్యూరిటీ అతను రెండు చేతుల్లోకీ తీసుకుని, "ఏంది సామీ ఇది, సాలగ్రామమా?" అన్నాడు. సాలగ్రామానికి చుట్టమే అన్నాను. గుజరాత్‌లోని కచ్‌లో దొరికిన నాటిలాయిడ్ అది, అంటే ఆక్టోపస్‌కి చుట్టమై, చుట్లు తిరిగిన గుల్లలో బతికిన సముద్రజీవి శిలాజం. జురాసిక్ సముద్రంలో, సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట బతికిన జీవి గుల్ల. పిడికిలంత ఉంటుంది.

ముందురోజు చిత్తూరులో అత్తయ్యగారి దేవుడి గదిలోని సాలగ్రామం పక్కన దీన్ని పెట్టి చూశాను. స్నానం చేసి వచ్చాకే ముట్టనిచ్చారు. నేపాల్ గండకీ నదిలో దొరికే ఈ చక్రాల రాళ్లు అమ్మొనైట్లు, అంటే నాటిలాయిడ్లకు చుట్టాలై, ఇప్పుడు అంతరించిపోయిన జీవుల శిలాజాలు, అవీ జురాసిక్ సముద్రానివే. ఈ గుల్లలు లోపల వరుస గదులుగా ఉంటాయి. నా రాయి ఒకచోట విరిగింది కాబట్టి లోపలి గది గోడ కనిపిస్తుంది. గిన్నెలా సాఫీగా వంగిన గోడ, దాని మధ్యభాగంలో పెసరగింజంత రంధ్రం. ఆ రంధ్రాల గుండా సాగే గొట్టంతోనే గదుల్లోని నీరు తోడేసుకుని అది తేలేది. అమ్మొనైట్‌కి ఆ గొట్టం బయటి అంచు వెంట పోతుంది, గోడల అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి.

తిరుపతిలో స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. బస్సులకూ భోజనానికీ సౌకర్యమే గానీ రాత్రంతా హారన్లు. కొండమీద గది దొరికితే అదే మేలు. మేం చూడాలనుకున్న శిలాతోరణం, అంటే సహజంగా ఏర్పడిన రాతి వంపు, గుడికి కిలోమీటరు దూరమే, తెల్లారే నడిచి వెళ్లొచ్చు. మేం జీపు మాట్లాడుకుని తప్పు చేశాం. పది నిమిషాలకే డ్రైవరు రమ్మని తొందరపెట్టాడు. మనసొప్పక మర్నాడు ఆర్టీసీ బస్సెక్కి మళ్లీ వెళ్లి, గంటన్నర కూర్చున్నాను.

తోరణం 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు. అంటే నా చేతిలోని రాయికి పదింతలు! ఇందులో గుల్లలు వెతికి లాభం లేదు, అప్పటికి గుల్ల కట్టుకునే జీవే పుట్టలేదు. ఘాట్ రోడ్డులో కొండవైపు కిటికీ సీటు పట్టుకోండి. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, ఆ రెండూ కలిసే గీత దగ్గర 50 కోట్ల ఏళ్లకు పైగా కాలం గల్లంతైంది, అంటే ఆ కాలపు రాళ్లే అక్కడ లేవు. దాన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. బస్సు అక్కడ ఆగదు, అదొక్కటే బాధ.

ఆ తోరణం, ఈ గీత రెండూ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు, చిన్న ముక్క కూడా కొట్టకండి. నాటిలాయిడ్లే కావాలంటే ఇక్కడివాళ్లకు తమిళనాడులోని అరియలూరు దగ్గర, కాకపోతే అవి జురాసిక్ తర్వాతి క్రెటేషియస్ కాలానివి. జురాసిక్‌వి కావాలంటే కచ్‌కే వెళ్లాలి. భుజ్‌లో మకాం పెట్టి, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకోండి. అమ్మొనైట్లు ఎన్నో కనబడ్డాక గానీ నాకు ఈ ఒక్కటీ దొరకలేదు.