అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం: ఎక్కడ ఎంతసేపు?

శ్రీకాకుళం గుళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు అరసవల్లికి పూట కేటాయించి, శ్రీకూర్మానికి ఓ గంట పెట్టుకుని, ముఖలింగం సంగతి "టైముంటే చూద్దాంలే" అంటారు. అత్తయ్యతో కలిసి మూడూ తిరిగొచ్చాక నా లెక్క దీనికి తలకిందులైంది. అత్తయ్య లెక్క వేరనుకోండి. ఆవిడకి మూడూ సమానమే.

ముందు బస గురించి. రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఉన్నది మాత్రం ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి టౌన్‌కి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, ఆటోలు బాగానే దొరుకుతాయి. రూమ్ టౌన్‌లోనే తీసుకోండి. మూడు గుళ్లలో ఏ ఒక్కదాని దగ్గర దిగినా మిగతా రెండింటికీ మళ్లీ టౌన్ వైపే రావాలి. మేం ఫోన్‌లో ఫొటోలు చూసి బుక్ చేసిన లాడ్జిలో లిఫ్ట్ ఉందన్నారు, ఉంది కూడా, కానీ అది ఎక్కాలంటే ముందు తొమ్మిది మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఫోన్ చేసి ఇలాంటివి అడిగి తెలుసుకోండి. టిఫిన్లకి ఢోకా లేదు.

అరసవల్లి సూర్యుడి గుడికి ఆదివారం వెళ్లకండి. సూర్యుడి వారం కాబట్టి జిల్లా అంతా అక్కడే ఉంటుంది. మా ఆటో అబ్బాయి ముందే చెప్పాడు: "ఆదోరం ఎల్తే లైన్లోనే తెల్లారిపోద్దమ్మా, సోమారం పొద్దున్నే ఎల్లండి." అలాగే వెళ్లాం, దర్శనం ప్రశాంతంగా అయింది. నల్లరాతి విగ్రహం, పక్కవాళ్లని నెట్టకుండా చూడగలిగాం. కంటి జబ్బులు, చర్మవ్యాధులు ఉన్నవాళ్లు ఇక్కడ మొక్కుకుంటారు, సూర్య నమస్కారాల పూజ చేయించుకుంటారు. నడుమ సూర్యుడు, నాలుగు మూలలా వినాయకుడు, శివుడు, అమ్మవారు, విష్ణువు ఉండే పంచాయతన పద్ధతి ఇది. దర్శనం అవ్వగానే ప్రసాదం క్యూలోకి పరిగెత్తకుండా ఆ మూలలు కూడా చూసి రండి.

అందరూ అడిగేది కిరణాల గురించి. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో పొద్దున పూట సూర్యకిరణాలు ద్వారాలన్నీ దాటి వచ్చి స్వామి పాదాలని తాకుతాయి. "ఏడాదికి రెండుసార్లే ఎందుకు?" అన్నది పెద్ద మహిమలా చెబుతుంటారు. నిజానికి ఆ 'రెండు' పెద్ద విషయం కాదు. మార్చిలో విషువత్తుకి, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకి, పది రోజుల ముందు సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఎక్కడ ఉదయిస్తాడో, సెప్టెంబరు విషువత్తు తర్వాత పది రోజులకి మళ్లీ దాదాపు అక్కడే ఉదయిస్తాడు. ఆ దిక్కుకి సూటిగా తలుపు పెడితే ఎవరింట్లో అయినా ఏడాదికి రెండుసార్లు ఎండ అలాగే పడుతుంది. నాకు గొప్పగా అనిపించింది వేరే సంగతి. ఈ గుడిని ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కాలంలో కట్టారని చెబుతారు. ఇప్పుడు మనం చూసేదాంట్లో చాలా భాగం తర్వాత తిరిగి కట్టిందే. అన్ని మార్పుల్లోనూ ఎవరో ఒకరు ఆ వెలుగు దారికి గోడ అడ్డం రాకుండా, గడప ఎత్తు పెరగకుండా చూసుకుంటూ వచ్చారు. అదే మాట అత్తయ్యతో అంటే, "అలా చూసుకోవాలన్న బుద్ధి పుట్టించింది ఎవరు మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కిరణాల కోసమే వెళ్లాలనుకుంటే ఒక్క మాట. మబ్బు పట్టిందా, ఆ రోజుకి అంతే. అక్టోబరులో కోస్తా ఆకాశాన్ని నమ్మడానికి లేదు. మార్చి నయం.

శ్రీకూర్మం టౌన్ నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. కూర్మావతారానికి గుడి కట్టి మూలమూర్తిగా కొలిచే చోటు ఇదొక్కటే అంటారు. మూర్తి పడమటి ముఖంగా ఉంటుంది. గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలున్నాయి. భక్తుడి కోసం స్వామి అటు తిరిగాడని కథ. సింహాచలం అప్పన్నదీ పడమటి ముఖమే. తూర్పు ముఖం ఐశ్వర్యమిస్తే పడమటి ముఖం విజయమిస్తుందని అక్కడ చెబుతారు. శ్రీకూర్మంలో పిత్రుకార్యాలకి వచ్చేవాళ్లు ఎక్కువ. శ్వేత పుష్కరిణిలో కలిపిన అస్థికలు కాలక్రమంలో తాబేలు ఆకారపు రాళ్లవుతాయని నమ్మకం. మేం వెళ్లినప్పుడు గట్టు మీద ఓ కుటుంబం పిండాలు పెట్టుకుంటోంది. పూజారి మంత్రం ఆపి మరీ పిల్లాడితో "నీళ్లు నెమ్మదిగా వదలమ్మా, తొందరేం లేదు" అన్నాడు.

లోపల మూర్తిని బాగా దగ్గరగా చూడొచ్చు. రాతి మీద తాబేలు వీపు, తల వేరువేరుగా తెలుస్తాయి. తర్వాత ప్రదక్షిణ మండపంలో తిరగండి. ఏ రెండు స్తంభాలూ ఒకేలా ఉండవంటారు. కాశీదాకా సొరంగం ఉందని కూడా అంటారు, అది వదిలేద్దాం. స్తంభాల మీద 11వ శతాబ్దం నుంచి మొదలయ్యే శాసనాలున్నాయి. ఈ ప్రాంతంలో అధికారం నడిపిన మధ్వ సన్యాసి నరహరి తీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించారని 1281 నాటి శాసనం చెబుతోంది. గోడల మీది పాత బొమ్మలు చాలాచోట్ల వెలిసిపోయాయి. మిగిలినవాటిని చూడ్డానికి టార్చ్ కాదు, ఓపిక కావాలి. కళ్లు ఆ చీకటికి అలవాటుపడేదాకా నిలబడండి, రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి.

గుడిలో నక్షత్ర తాబేళ్లున్నాయి. పిల్లలకి అదే అసలు ఆకర్షణ. ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుందామనుకోకండి. వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జాతి అది.

ముఖలింగానికి కారు మాట్లాడుకోవడం మేలు. బస్సులున్నాయి కానీ వాటిని నమ్ముకుంటే మధ్యాహ్నం తలుపులు వేసే వేళకి చేరతాం. నరసన్నపేట దాటి లోపలికి తిరిగితే వంశధార ఒడ్డున పల్లెటూరు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు మాత్రం కూర్చుని భోజనం చేసేంత హోటల్ కూడా మాకు కనబడలేదు. పులిహోర కట్టించుకెళ్లాం కాబట్టి బతికిపోయాం.

ఇక్కడి శివుడు మధుకేశ్వరుడు. ఇప్పచెట్టు మొదలులోంచి వెలిశాడని కథ. శబర తెగ నాయకుడి ఇద్దరు భార్యలు పూల దగ్గర తగువు పడితే అతను చెట్టు నరికాడని, అందులోంచి శివుడు కనబడ్డాడని చెబుతారు. లింగం నున్నగా చెక్కినట్టు ఉండదు, మొద్దులాగే ఉంటుంది. దాని వెనక పెద్ద గోలెం. మొక్కు తీర్చుకోవాలని కుమ్మరి చేసి తెచ్చిన గోలెం ద్వారంలో పట్టక బయటే ఉండిపోతే, తెల్లారేసరికి లోపల ఉందట. గోడలు లేవకముందే పెట్టి ఉంటారని నేనన్నాను. అత్తయ్య నా వైపు చూసిన చూపుకి అక్కడితో ఆపేశాను. ఊళ్లో ఒకటి తక్కువ కోటి లింగాలున్నాయని, ఆ ఒక్కటీ ఉంటే ఇదే కాశీ అయ్యేదని మరో నమ్మకం. మనకి దక్షిణ కాశీలు ఎన్ని ఉన్నాయో లెక్క తేలదు గానీ, ఇంత నిజాయితీగా ఒకటి తగ్గించి చెప్పుకునే ఊరు మాత్రం నాకు నచ్చింది.

ఊరి మొదట్లోని సోమేశ్వరాలయాన్ని అస్సలు వదలకండి. ముందు మండపం లేకుండా ఒంటరిగా నిలబడ్డ గోపురం. మన దక్షిణాది విమానంలా అంతస్తులు అంతస్తులుగా కాకుండా నిలువు గీతలతో పైకి వంగుతూ పోతుంది, పక్క ఒడిశాలో కనిపించే కళింగ పద్ధతి. ప్రదక్షిణగా తిరిగితే వినాయకుడు, కుమారస్వామి, అమ్మవారు, అంటే కుటుంబమంతా వరుసగా ఎదురవుతుంది. పురావస్తు శాఖ కాపాడుతున్న గుడి. క్యూ లేదు, టికెట్టు లేదు, తోసేవాళ్లు లేరు. మోకాళ్ల నొప్పులని ఎప్పుడూ గొణిగే అత్తయ్య ఇక్కడే అందరికంటే ఎక్కువసేపు తిరిగింది.

ఈ ప్రశాంతత శివరాత్రికి ఉండదు. చక్రతీర్థ స్నానాలకి వంశధార జనంతో నిండిపోతుంది. అది చూడాలనుకుంటే శ్రీకాకుళంలో రూమ్ ముందే బుక్ చేసుకోండి, కారు డ్రైవర్‌తో వెయిటింగ్ చార్జీ ఎంతో బయల్దేరకముందే తేల్చుకోండి.