ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్: టౌనుకి పంపడం మేలా, ట్రైనర్‌ని ప్లాంటుకే రప్పించడం మేలా?

పైడిభీమవరం, బొబ్బిలి, గరివిడి, రాజాం, టెక్కలి వైపు సేఫ్టీ, హెచ్‌ఆర్ పనులు చూసేవాళ్ళు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు: "మా ఫస్ట్ ఎయిడ్ అటెండెంట్లకు కాస్త పై స్థాయి ట్రైనింగ్ ఇప్పిద్దామనుకుంటున్నాం, ఏది చేయించమంటారు?" ఈ మధ్య మా యూనిట్‌లో కొత్త బ్యాచ్ కోసం నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. చిన్న దెబ్బ కడిగి కట్టు కట్టే పని గురించి కాదు ఇది. రక్తం ఆగనప్పుడు, గుండె ఆగినప్పుడు, ఒంటిమీద యాసిడ్ పడినప్పుడు, గ్యాస్ పీల్చి మనిషి పడిపోయినప్పుడు, 108 గేటు దాటి వచ్చేదాకా ఆ ప్రాణాన్ని కాపాడాల్సిన వాళ్ళ గురించి.

మన ముందున్న దారులు స్థూలంగా మూడు. సెయింట్ జాన్ అంబులెన్స్ లేదా రెడ్ క్రాస్ వాళ్ళ సర్టిఫికెట్ కోర్సుకి మనుషుల్ని పంపడం ఒకటి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు వచ్చే కోర్సు చేయించడం రెండోది. అనుభవమున్న ట్రైనర్‌ని ప్లాంటుకే పిలిపించి, మన మెషీన్ల మధ్యే నేర్పించడం మూడోది. ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి. వీడియో చూస్తూ విషయం తెలుసుకోవడానికి పనికొస్తాయి, అంతే. ప్రాక్టీసుకి పెట్టే మనిషి బొమ్మ ఛాతీ మీద చెయ్యి వెయ్యనివాణ్ణి అటెండెంట్‌గా నేను ఒప్పుకోను.

ముందు చట్టం సంగతి. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒకటికి తగ్గకుండా ఫస్ట్ ఎయిడ్ బాక్సులు ఉండాల్సి ఉండేది. ఒక్కో బాక్సుకి ఒక్కో బాధ్యుడు ఉండాల్సి ఉండేది. అతనికి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాల్సి ఉండేది. 500 మంది దాటితే అంబులెన్స్ రూము తప్పనిసరిగా ఉండేది. ఇవి అందరికీ తెలిసినవే. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉండేది, దాన్నే చాలామంది దాటేసేవారు: పని జరుగుతున్నంతసేపూ ఆ మనిషి అందుబాటులో ఉండాలి. అంటే మూడు షిఫ్టులు నడిచే ప్లాంటులో ఒక్కో బాక్సుకి ముగ్గురు కావాలి. వారాంతపు సెలవులు, సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళు లెక్కేస్తే నలుగురైదుగురు. జనరల్ షిఫ్టులో ఒక సూపర్‌వైజర్‌కి సర్టిఫికెట్ తెప్పించి ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే, రాత్రి రెండు గంటలకి ప్రమాదం జరిగినప్పుడు ఆ ఫ్రేము కట్టు కట్టదు.

సెయింట్ జాన్, రెడ్ క్రాస్ కోర్సుల బలం ఇక్కడే. ఇన్‌స్పెక్షన్‌లో చూపించే కాగితానికి ఇబ్బంది ఉండదు. సిలబస్ విశాలం: రక్తస్రావం, ఎముకలు విరగడం, కాలిన గాయాలు, విషాలు, పాముకాటు, మోసుకెళ్ళే పద్ధతులు, అన్నీ వస్తాయి. సెయింట్ జాన్ సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. తెలుగులో చెప్పేవాళ్ళు దొరుకుతారు, ఖర్చూ తక్కువే. బలహీనత ఏమిటంటే పెద్ద హాలు, పెద్ద బ్యాచ్, ఒకటో రెండో బొమ్మలు. ముందు వరసలో కూర్చున్న చురుకైన కుర్రాళ్ళు నాలుగుసార్లు చేస్తారు. వెనకాల నిలబడ్డ యాభై ఏళ్ళ ఫిట్టర్ చూసి తలూపి, సంతకం పెట్టి వచ్చేస్తాడు. సర్టిఫికెట్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సుల్లో రెండు రకాలు. మామూలు జనానికి హార్ట్‌సేవర్, వైద్య సిబ్బందికి బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్). కార్డు రెండేళ్ళు చెల్లుతుంది. ఛాతీ నొక్కడం ఇంత పద్ధతిగా నేర్పేవాళ్ళు తక్కువ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేలా, 30 నొక్కులకి 2 శ్వాసలు. చేతికి అలవాటయ్యేదాకా వదలరు. గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్ వాడటం కూడా వస్తుంది. గుండె ఆగాక సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది కాబట్టి ఈ కోర్సుని తక్కువ చేసి మాట్లాడను. అంబులెన్స్ రూములో పనిచేసే నర్సుకి, మేల్ నర్సుకి బీఎల్ఎస్ చేయించి తీరాలి. కానీ ఖర్చు ఎక్కువ, పాఠం చాలావరకు ఇంగ్లిష్‌లో నడుస్తుంది. ముఖ్యంగా, మన దగ్గర జరిగే ప్రమాదాల్లో గుండె ఒక భాగం మాత్రమే.

మిగతా భాగం యూనిట్‌ని బట్టి మారుతుంది. ఫార్మాలో సాల్వెంట్లు, యాసిడ్లు, విషవాయువులు. గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ యూనిట్లలో కరిగిన లోహం, కార్బన్ మోనాక్సైడ్. నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లుల్లో రోలర్లలో ఇరుక్కునే వేళ్ళు. టెక్కలి గ్రానైట్‌లో బండ కింద నలిగే కాళ్ళు. పలాస జీడి బట్టీల దగ్గర తొక్కలోంచి చిమ్మే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వీటన్నిటికీ కలిపి ఒకే హాలులో ఒకే పాఠం ఎలా సరిపోతుంది?

నా దృష్టిలో తేల్చేది ఇదే: ట్రైనింగ్ ఎక్కడ జరిగింది, అక్కడ ఒక్కొక్కరి చేతులు ఎంతసేపు పనిచేశాయి.

ట్రైనర్ మన ప్లాంటుకి వస్తే, నేర్చుకునేవాళ్ళతో పాటు ప్లాంటు కూడా పరీక్షకి నిలబడుతుంది. మా దగ్గర యాసిడ్ పడినట్టు డ్రిల్ చేశాం. రసాయనం పడితే కనీసం 15-20 నిమిషాలు నీళ్ళ కింద ఉంచాలని అందరూ టకటకా చెప్పారు. తీరా సేఫ్టీ షవర్ తిప్పితే, మే నెల ఎండకి పైన పరిచిన పైపులో మరిగిన నీళ్ళు వచ్చాయి. ఒక కుర్రాడు చెయ్యి పెట్టి "అమ్మో" అని వెనక్కి లాక్కున్నాడు. కాలిన ఒంటిమీద ఆ నీళ్ళు పోయగలమా? ఆ వారమే పైపు మీద ఇన్సులేషన్ వేయించాం. స్ట్రెచర్ మెట్ల మలుపులో తిరగదని అప్పుడే తెలిసింది. కళ్ళు కడుక్కునే ఐవాష్ ముందు డ్రమ్ములు పేర్చి ఉన్నాయని కూడా అప్పుడే బయటపడింది. కళ్ళు మూసుకుని దాని దగ్గరికి వెళ్ళగలరా అని ట్రైనర్ గుడ్డ కట్టి నడిపించాడు, కళ్ళలో రసాయనం పడ్డవాడికి దారి కనిపించదు కదా. టౌనులో హాలు ఎంత మంచిదైనా ఇవి బయటపెట్టదు.

గ్యాస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. మురుగునీళ్ళు శుద్ధి చేసే ఈటీపీ ట్యాంకులో ఒకడు పడిపోతే, వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పడిపోవడం ఎన్నోచోట్ల జరిగిన ఘోరం. అటెండెంట్ నేర్చుకోవాల్సిన మొదటి పని దిగకుండా ఆగడం. బ్రీతింగ్ సెట్ ఏ గోడకి ఉంది, అది వేసుకునే శిక్షణ ఎవరికి ఉంది, ఆక్సిజన్ సిలిండర్‌లో ప్రెజర్ ఎంతుంది, చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్ మాస్క్ ఎక్కడుంది, ఇవన్నీ ఆ చోట నిలబడే నేర్చుకోవాలి. మీ దగ్గర హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడితే, ఆ గాయానికి పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఏ సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదు. మామూలు కోర్సులో దాని ఊసే రాకపోవచ్చు. మీరు పిలిపించే ట్రైనర్‌కి మీ రసాయనాల జాబితా ముందే పంపండి.

భాష కూడా తేడా తెస్తుంది. మా బ్యాచ్‌లో ఒక హెల్పర్ బొమ్మని నొక్కుతూ మధ్యలో ఆగి, "ఇంత గట్టిగా నొక్కితే ఎముక ఇరిగిపోదా బాబూ?" అన్నాడు. ట్రైనర్ నవ్వలేదు. "ఇరిగినా నొక్కు. ఎముక అతుక్కుంటాది, పేణం పోతే రాదు," అన్నాడు. ఆ తర్వాత అతని మోచేతులు వంగలేదు. ఇంగ్లిష్ స్లైడ్ల ముందు ఆ ప్రశ్న వాడి నోట వచ్చేది కాదు. ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళుంటే వాళ్ళలోనూ ఒకరిద్దర్ని బ్యాచ్‌లో కూర్చోబెట్టండి. కాంట్రాక్టు లేబర్ అని పక్కన పెట్టొద్దు. మెషీన్‌కి దగ్గరగా నిలబడేది వాళ్ళే.

ప్లాంటులోనే ఇచ్చే ట్రైనింగ్‌కీ లోపాలున్నాయి. ట్రైనర్ మంచివాడు కాకపోతే అంతా వృథా. మధ్యలో "ఫలానా వాణ్ణి ఒక్క పది నిమిషాలు పంపండి, రియాక్టర్ ఛార్జింగ్ ఉంది" అని ప్రొడక్షన్ నుంచి ఫోన్లు వస్తాయి. వెళ్ళినవాడు తిరిగి రాడు. మేనేజరు మాట ఇచ్చి ఆ రోజు వాళ్ళని వదిలితేనే పెట్టుకోండి. చట్టానికి కావాల్సిన సర్టిఫికెట్ కూడా ప్రైవేటు ట్రైనర్ కాగితంతో తీరకపోవచ్చు.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే, గుర్తింపున్న సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ట్రైనర్నే ప్లాంటుకి రప్పించమంటాను. రాలేమంటే, ముందు సెయింట్ జాన్ లేదా రెడ్ క్రాస్ కోర్సుకి పంపి, వచ్చాక నెలలోపు ప్లాంటులో ఒక పూర్తి రోజు డ్రిల్ పెట్టండి. హార్ట్‌సేవర్ డబ్బుతో బొమ్మలు కొనుక్కోవడం నయం. బొమ్మ మన దగ్గరుంటే ప్రతి మూడు నెలలకీ ప్రాక్టీసు చేయించొచ్చు. సీపీఆర్ చెయ్యి కొన్ని నెలల్లోనే మొద్దుబారిపోతుంది, కార్డు మీద తేదీ ఇంకా మిగిలే ఉంటుంది. పదిమంది పనిచేసే రైస్ మిల్లుకి, జీడి బట్టీకి ఇదంతా పెద్ద ఖర్చే. నాలుగైదు యూనిట్లు కలిసి ఒక ట్రైనర్‌ని పిలిపించుకోండి. గుండె ఆగితే ఛాతీ మాత్రమే నొక్కే పద్ధతిని, కోల్స్ అంటారు, అది అందరికీ నేర్పించినా మేలే.

ట్రైనర్‌తో మాట్లాడేటప్పుడు ఫీజు కన్నా ముందు ఇవి అడగండి. ఎంతమందికి ఒక బొమ్మ? నలుగురికి మించితే ఒప్పుకోకండి. గట్టిగా అదిమినా రక్తం ఆగని చేతి, కాలి గాయానికి టోర్నికే (బిగించి రక్తాన్ని ఆపే పట్టీ) ప్రతివాడి చేతా కట్టిస్తారా? గాయానికి 5-7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా కట్టి, కట్టిన టైము రాసి, ఆసుపత్రిదాకా విప్పకూడదు. చేతి గ్లోవ్స్ తడిగా ఉన్నప్పుడు కట్టిస్తే ఇంకా మంచిది. తెగిన వేలిని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూసి, ఆ కవరునే ఐసు మీద పెట్టాలని, వేలికి ఐసు నేరుగా తగలకూడదని చేసి చూపిస్తారా? పాము కరిస్తే తాడు బిగించొద్దని గట్టిగా చెప్తారా? మన తోటల పక్క యూనిట్లకి అది చాలా అవసరం. 108కి ఫోన్ చేసి ఊరు, మండలం, ఏ గేటు, ఎంతమంది, స్పృహ ఉందా అన్నది ఒక్కొక్కరి చేతా నోటితో చెప్పిస్తారా?

మొదటి బ్యాచ్‌ని సి-షిఫ్టు (రాత్రి షిఫ్టు) వాళ్ళతోనే మొదలుపెట్టండి. ఆ వేళ ప్లాంటులో డాక్టరు ఉండడు, మేనేజరు ఉండడు, రోడ్డు మీద బండ్లు కూడా తక్కువే.