చిన్నప్పటి గదికి అరలు బిగించి ఆరేళ్లు: ఏది నిలిచింది, ఏది వంగింది

ముందే చెప్పేస్తాను. మూడు రకాల అరలు పెట్టాను. ఒకటి బ్రహ్మాండంగా నిలిచింది, ఒకటి ఏడాది తిరక్కుండానే ఏడిపించింది, మూడోది ఈ నెల్లో పీకేస్తున్నాను. బిగించిన వారానికే రాసే సమీక్షల్లో అన్నిటికీ ఐదు నక్షత్రాలే ఉంటాయి, ఉండక ఏం చేస్తాయి, వారంలో ఏ చెక్కా వంగదు, ఏ స్క్రూ వదులవదు. ఇది ఆరేళ్లు వాడాక రాస్తున్నది.

గది 10 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. ఒకటో తరగతి నుంచీ నేను పడుకున్న గది. చదువనీ ఉద్యోగమనీ బయట తిరిగి, ఇంటి నుంచే పని చేసుకోవచ్చు అనేసరికి మళ్లీ అందులోకే వచ్చి పడ్డాను. నేను లేని ఏళ్లలో ఇంట్లో ఇంకెక్కడా పట్టనివన్నీ అక్కడికే చేరాయి, పాత మానిటరు, కుట్టుమిషను, ఎవరూ వాయించని కీబోర్డు, పరుపు మీద ఇంకో పరుపు. వాటికి తోడు నా బొమ్మల పెట్టె, గోలీల డబ్బా, పదో తరగతి పుస్తకాలు. పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదు, నిజం చెప్పాలంటే నాకూ చేతులు రావు. కుర్చీ వెనక్కి జరిపితే మంచానికి తగిలేది, మంచం దిగాలంటే కుర్చీని బల్ల కిందికి నెట్టాలి.

నేల మీద పుస్తకాల రాక్ ఒకటి ఉండేది, 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు. చూస్తే 3 చదరపు అడుగులే కదా అనిపిస్తుంది. కానీ దాని ముందు వంగి కింది వరుసలోది తీయాలంటే ఇంకో 2 అడుగులు ఖాళీ వదలాలి, అంటే మొత్తం 9 చదరపు అడుగులు దాని పేరే. 90 చదరపు అడుగుల గదిలో పదో వంతు. దాన్ని విప్పేసి పుస్తకాలు గోడకెక్కిద్దాం అనుకున్నాను, అక్కడ మొదలైంది.

మొదటి రకం, నిలువు పట్టీల అరలు. పొడవాటి ఇనప పట్టీలు గోడకి నిలువుగా బిగిస్తాం, వాటి పొడవునా గాడులుంటాయి, బ్రాకెట్ల కొక్కేలు ఆ గాడుల్లో దిగుతాయి, వాటి మీద చెక్క పెడతాం. చూడ్డానికి దుకాణంలో సరుకుల రాక్ లాగే ఉంటుంది, అందం ముఖ్యం అనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు. రెండు జతలు తెచ్చాను, ఒకటి బల్లకి ఎదురుగోడ మీద, ఇంకోటి పక్క గోడ మీద. చెక్కలు కొనడం ఎందుకని రాక్ విప్పితే వచ్చిన పక్క పలకలు రెండూ వాడేశాను, 4 అడుగుల పొడవు, అడుగు లోతు, 18 మి.మీ. పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక.

పట్టీలు చెక్క రెండు చివర్లలో ఉండాలని నా ఆలోచన. ఎదురుగోడ మీద అలాగే బిగించాను. పక్క గోడ దగ్గరికొచ్చేసరికి పట్టీ సరిగ్గా నా పెన్సిల్ గీతల మీదికి వచ్చింది. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవుల్లో నాన్న నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి గీసిన ఎత్తు గీతలు, పక్కనే తారీఖులు. రెండుసార్లు రంగులు వేయించినా అంతమేర వదిలేసి వేయించారు. "ఒరే, ఆ గీతల్లో తూట్లు పెట్టకు, పట్టీ ఇటు జరుపుకో" అన్నారు నాన్న. సరేనని 10 అంగుళాలు లోపలికి జరిపాను, ఒకటి జరిపితే వంకరగా ఉంటుందని రెండోదాన్నీ అంతే జరిపాను. చెక్క రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి నాకైతే అస్సలు నచ్చలేదు.

పది నెలలు గడిచాక చూస్తే ఎదురుగోడ చెక్క మధ్యలో బొజ్జ వేసింది. ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి కట్టి కొలిస్తే 11 మి.మీ. కిందికి ఉంది. పక్క గోడది, అదే రాక్ లోంచి వచ్చిన అదే చెక్క, దాదాపు అంతే బరువు, దారానికి అంటుకునే ఉంది. అప్పుడు చదివి తెలుసుకున్నాను. రెండు ఆధారాల మీద పెట్టిన చెక్క మీద బరువు సమానంగా పరుచుకుని ఉంటే, ఆ ఆధారాలు చివర్లలో కాదు, పొడవులో సుమారు 22 శాతం లోపలికి ఉంటే చెక్క అతి తక్కువగా వంగుతుందట. 48 అంగుళాలకి లెక్కేస్తే పదిన్నర అంగుళాలు. గీతల పుణ్యమా అని నేను తెలియకుండానే సరైన చోట బిగించాను. బయటికొచ్చిన చివర్ల మీది బరువు మధ్యభాగాన్ని పైకి లేపుతుంది, అదీ కిటుకు.

ఇంకో సంగతి, బోర్డు తిరగేసి పెడితే సరిపోతుందని అందరూ చెబుతారు. పెట్టాను. నాలుగైదు నెలలు బాగానే ఉంది, తర్వాత రెండో వైపుకి అదే బొజ్జ. పార్టికల్ బోర్డు గుణమే అంత, బరువు అలాగే ఉంటే రోజురోజుకీ కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది, తేమ తగిలితే ఇంకా త్వరగా, బరువు తీసేసినా పూర్తిగా తిరిగి రాదు. చివరికి మధ్యలో మూడో పట్టీ కొట్టాను. రెండు ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు సగమే తగ్గుతుంది అనుకుంటాం కదా, కాదు, సుమారు 16వ వంతుకి పడిపోతుంది. మందం కూడా అంతే, 12 మి.మీ. చెక్క బదులు అదే రకం 18 మి.మీ. వాడితే మూడింతలకి పైనే గట్టిదనం. మీరు వేరే ఏ ఖర్చయినా తగ్గించుకోండి, ఇంకో పట్టీ, ఇంకో రెండు బ్రాకెట్లు మాత్రం కొనండి.

రెండో ఏట పార్టికల్ బోర్డులన్నీ తీసేసి 18 మి.మీ. ప్లైవుడ్ పెట్టాను, లోతు మాత్రం 9 అంగుళాలకి తగ్గించాను. ఇది ఈ ఆరేళ్లలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అడుగు లోతున్నప్పుడు ముందొక వరుస, వెనకొక వరుస పుస్తకాలు చేరేవి. వెనక వరుసలో ఏముందో నాకే గుర్తుండేది కాదు, ఉన్న పుస్తకమే మళ్లీ కొన్న సందర్భాలు రెండున్నాయి. బరువు చూసే మెషీన్ మీద తూచితే ఆ ఒక్క చెక్క మీదే 46 కిలోలు. 9 అంగుళాలకి తగ్గించాక రెండో వరుసకి చోటే లేదు, ప్రతిదీ ఎదురుగా కనిపిస్తుంది, దుమ్ము తుడవడం కూడా ఒక్క చేతి పని. మామూలు పుస్తకం వెడల్పు ఆరేడు అంగుళాలు మించదు. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, అదీ హాయిగా పడుతుంది. పైగా మంచం దగ్గర తల తగిలే బాధ తప్పింది, ఆ మూడంగుళాలు గదిలో నడిచేటప్పుడు తెలుస్తాయి.

ఎత్తులు మార్చుకోవడం అనేది మొదట్లో ఉత్త గొప్పగా అనిపించింది, ఎవడు మారుస్తాడులే అనుకున్నాను. నాలుగుసార్లు మార్చాను. మానిటరు పెద్దది వచ్చినప్పుడు, ఫైళ్లు ఎక్కువైనప్పుడు, ఇలా. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, బ్రాకెట్ పైకెత్తి లాగితే ఊడొస్తుంది. ఇంకో లాభం, పట్టీల మందం వల్ల చెక్కకీ గోడకీ మధ్య కాస్త సందు ఉంటుంది. ఎదురుగోడ బయటి గోడ, వర్షాకాలం చల్లబడి చెమ్మ పడుతుంది. పాత రాక్ గోడకి ఆనుకుని ఉన్న రోజుల్లో పుస్తకాల వెనక బూజు పట్టేది, ఇప్పుడు గాలి ఆడుతోంది, బూజు లేదు. వైర్లు కూడా ఆ సందులోంచే దించాను.

ఇక రెండో రకం, బ్రాకెట్లు కనపడని అర. గోడలోంచి మొలిచినట్టు ఉంటుంది, ఫొటోల్లో చూసి మోజుపడి మంచం తలవైపు పెట్టించుకున్నాను. గోడకి ఒక ఇనప పట్టీ, దాని నుంచి రెండు కడ్డీలు, బోలుగా ఉన్న చెక్క పెట్టె వాటి మీదికి తోస్తాం. మొదటి నెల చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒకరోజు గోలీల డబ్బా సర్దుతూ ఒక గోలీ తీసి అర మీద పెట్టాను, మెల్లగా దొర్లుకుంటూ ముందుకొచ్చి నా దిండు మీద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. రసమట్టం పెట్టి చూస్తే బుడగ స్పష్టంగా గోడ వైపుకి జరిగి ఉంది, అంటే ముందంచు దిగింది. స్క్రూలు బిగించాను, నెలన్నరకి మళ్లీ గోలీ దొర్లింది.

కారణం చాలా సింపుల్. అర ఒక మీటలాంటిది. గోడ నుంచి నాలుగున్నర అంగుళాల దూరంలో 10 కిలోల బరువు ఉందనుకోండి, కింద ఐదారు అంగుళాల కాలున్న బ్రాకెట్ అయితే పై స్క్రూని బయటికి లాగే బలం సుమారు 8, 9 కిలోలు. అదే కనపడని అరకి పట్టు మొత్తం దాని మందంలోనే, అంటే ఒకటిన్నర అంగుళంలోనే ఉంటుంది, లాగే బలం 30 కిలోలవుతుంది. పైగా ప్యాకెట్ తో పాటు వచ్చిన స్క్రూలు 35 మి.మీ. పొడవువి, గోడ మీది ప్లాస్టరింగే 12 నుంచి 15 మి.మీ. పోతుంది, ఇటుకలో దిగేది ఎంతని. ప్లాస్టరింగ్ బరువు మోయదు, అది పైపూతే. తర్వాత 60 మి.మీ. స్క్రూలు, పొడవాటి ప్లగ్ లు (స్క్రూకి పట్టు కోసం రంధ్రంలో దింపే ప్లాస్టిక్ గొట్టాలు) వేసి మార్చాను, ఇప్పుడు దిగడం లేదు, కానీ తల మీద బరువు పెట్టుకుని పడుకోవడం నా వల్ల కాదు. దాని మీద ఫోను, కళ్లజోడు, ఒక చిన్న దీపం మాత్రమే. అంతకి పనికొస్తుంది. అలంకారానికైతే తీసుకోండి, పుస్తకాలకి వద్దు.

మూడోది, పైకప్పుకి అడుగున్నర కిందుగా తలుపు మీదుగా కిటికీ మీదుగా మూల తిరిగేలా వేసిన పై అర, 14 అంగుళాల లోతు. అటక లేని లోటు తీరుతుందని. లోటు తీరింది, కానీ ఏం తీరిందంటే ఎప్పుడూ వాడనివన్నీ పెట్టుకునే చోటు దొరికింది. స్టూలు తెచ్చుకుని ఎక్కి తీసే వస్తువు ఏడాదికి రెండుసార్లు కూడా తీయం. అట్టపెట్టెలు, మానిటరు డబ్బా, విరిగిన ఫ్యాను. కింద నేల ఖాళీ అయింది నిజమే, కానీ పడుకుని పైకి చూస్తే గది ఎత్తు తగ్గినట్టు ఉంటుంది, 14 అంగుళాల నీడ చుట్టూ తిరుగుతుంది. మొన్న అన్నీ దించి చూస్తే సగానికి పైగా పారేయాల్సినవే. దుమ్ము సంగతి చెప్పను.

దీన్ని బిగించినప్పటి గొడవ కూడా చెప్పాలి. కిటికీ పైన డ్రిల్ పెడితే బిట్టు అరంగుళం దిగి ఆగిపోయింది. నొక్కాను, బిట్టు ఎర్రగా కాలింది, రంధ్రం వంకర తిరిగి వెడల్పయింది. అక్కడ ఉన్నది ఇటుక కాదు, లింటెల్ కాంక్రీటు, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే దూలం. మామూలు డ్రిల్ తో అయ్యే పని కాదు. నాలుగంగుళాలు పైకి జరిపితే ఇటుక తగిలి వెన్నలా దిగింది. ఎర్రటి పొడి వస్తే ఇటుక, బూడిదరంగు పొడి వస్తే సిమెంటు, మా గోడ వరకూ బిట్టు మీది పొడి చూస్తే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోయేది. ఎంత లోతు దిగాలో బిట్టు మీద టేపు చుట్టుకుంటే గుర్తుంటుంది. రంధ్రంలో పొడి పూర్తిగా ఊదేశాకే ప్లగ్ వేయండి, పొడి ఉంటే ప్లగ్ పట్టదు, స్క్రూతో పాటు తిరుగుతుంది. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టకండి, వైర్ల పైపు ఎక్కువగా ఆ దారినే వెళ్తుంది. నేను అంతమేర చాక్ పీసుతో గీసి వదిలేశాను, అయినా మెయిన్ ఆపేసి, బ్యాటరీ డ్రిల్ తోనే పెట్టాను. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఎన్ని నక్షత్రాలు అంటే, నిలువు పట్టీలకి ఐదుకి ఐదు ఇవ్వను, నాలుగున్నర, ఆ సగం తగ్గించింది చివర్లలో బయటికొచ్చే బ్రాకెట్ మొనలకి, రెండుసార్లు మోచేయి గీసుకుంది. కనపడని అరకి రెండు. పై అరకి ఒకటిన్నర, అందులో ఎక్కువ తప్పు నాదే.

పై అర దించేశాక 12 రంధ్రాలు మిగులుతాయి. పుట్టీ పెట్టి రుద్దాలి, రంగు వేయాలి. ఆ పాత రంగు షేడు ఇప్పుడెక్కడా దొరకడం లేదు, గోడంతా కొత్తగా వేయాల్సిందే. అమ్మ అప్పుడే అడిగింది, గీతల దగ్గర వదిలేసే వేయిస్తావు కదా అని.