పాత 800కి ఏది మేలు: డోనర్ కారా, ఆటోనగర్ సెట్టా, ఉన్న ఇంజిన్‌కే బోరింగా?

ఇంటి ముందు 1990ల నాటి కార్బురేటర్ మారుతి 800 ఉంది. బాడీ గట్టిదే, ఆర్సీ చెల్లుబాటులోనే ఉంది. ఇంజిన్ మాత్రం నూనె తాగుతోంది, రెండో గేరు గర్రుమంటోంది, సీట్లు కుంగిపోయాయి, డ్యాష్‌బోర్డు ఎండకు పగిలింది. ఇంకో కారు (డోనర్) కొని దాని సామానంతా దీనికి ఎక్కించడమా, ఆటోనగర్‌లో పాత ఇంజిన్ సెట్టు తేవడమా, ఉన్నదాన్నే బోరింగ్ చేయించడమా, అంటే అరిగిన సిలిండర్లను తొలిపించి పెద్ద పిస్టన్లు వేయించడమా అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. అందరూ ముందు అడిగేది ధర. అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: కొనేదాన్ని విప్పకముందే రోడ్డు మీద నడిపి చూసే వీలుందా?

బోరింగ్ సంగతి చూద్దాం. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌కు 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. అప్పటికే 0.50 దాకా వెళ్లిన బ్లాకైతే స్లీవులు, అంటే లోపల కొత్త సిలిండర్ గొట్టాలు, వేయాల్సిందే. ఇంజిన్ నంబరు మారదు, కాగితాల గొడవ లేదు. ఎక్కువగా చెడేది సగం పని దగ్గర. బోరు ఓవల్ అయిన బ్లాకుకు కొత్త పిస్టన్ రింగులు మాత్రం వేసి ఇచ్చేస్తారు, నాలుగు నెలలకు మళ్లీ పొగ. లేత్ షాపులో బోరు కొలత, పిస్టన్ క్లియరెన్స్ రాసి ఇవ్వమని అడగండి, రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. ఇంత చేసినా గేరుబాక్సు, సీట్లు ఎక్కడివక్కడే.

సెట్టు అంటే ఇంజిన్, గేరుబాక్సు కలిపి. విజయవాడ ఆటోనగర్ అయినా, చెన్నై పుదుపేట అయినా తంతు ఒకటే. ఇంజిన్ కడిగి నేల మీద పెట్టి ఉంటుంది, బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపిస్తారు. లోడు లేకుండా రెండు నిమిషాలు తిరిగిన ఇంజిన్ శబ్దం తప్ప ఇంకేం చెప్పదు. మూడో గేరులో ఎత్తు ఎక్కుతుందా, ఇరవై నిమిషాల తర్వాత ఫ్యాను ఆన్ అయి వేడి దిగుతుందా అన్నవి నేల మీద తెలియవు. పైగా వైరింగును కప్లర్ల దగ్గర విప్పరు, బ్లేడుతో కోసేస్తారు. ఈసీఎంకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టెకు, జానెడు తోక మిగులుతుంది. బ్రాకెట్లు, ఎర్త్ వైర్లు, బోల్టులు ఉండవు. ఆ ఇంజిన్ ఏ కారుదో చెప్పే కాగితం దొరకడం ఇంకా కష్టం. ఆల్టర్నేటర్, అద్దం, డోర్ ప్యాడ్ లాంటి విడి సామానుకు మాత్రం ఆటోనగర్‌ను మించింది లేదు.

షోరూం విడిభాగాలతో మొత్తం కొత్తగా కట్టడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. సీల్స్, బెల్టులు, క్లచ్ ప్లేట్లు దొరుకుతాయి. డ్యాష్‌బోర్డు, సీట్ల కోసం తిరగడం దండగ.

ఇక డోనర్ కారు. బాడీ తుప్పు పట్టిందనో, యాక్సిడెంట్‌లో వెనక భాగం పోయిందనో తక్కువకు అమ్మే, ఇంకా నడుస్తున్న కారు కావాలి. ముందు నుంచి గుద్దుకున్నది వద్దు: మౌంటింగులు, రేడియేటర్, గేరుబాక్సు హౌసింగ్ దెబ్బ తినేవి అక్కడే.

చూడ్డానికి వెళ్లినప్పుడు బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లారాక వస్తామని చెప్పండి. చల్లటి స్టార్టులో కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీల్స్, అది చిన్న ఖర్చు. లోడు మీద ఆగకుండా వస్తుంటే రింగులు. 40 వేగంలో మూడు నుంచి రెండుకు దించండి, గర్రుమంటే గేర్లను సాఫీగా కలిపే సింక్రో రింగ్ అరిగింది. గేరులో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలితే లివర్ న్యూట్రల్‌లోకి దూకిందా, ఆ బాక్సు వద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే టిక్ టిక్ మంటే యాక్సిల్ బయటి జాయింటు పోయింది. చివరికి కంప్రెషన్: ఇంజిన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే తెలిసే సంగతులు. అందుకే మిగతా రెండు దారుల కంటే ఇదే మేలని చెప్పేది.

ఏ కారును డోనర్ చేసుకోవాలి? ఎంపీఎఫ్ఐ 800 (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది) అయితే తలనొప్పి తక్కువ, డ్యాష్‌బోర్డు, సీట్లు కూడా తిన్నగా కూర్చుంటాయి. 12 వాల్వుల ఆల్టో ఇంజిన్ కూడా 796 సీసీయే, ఐదు గేర్లు, నాలుగు గేర్ల 800 కంటే చురుకు. 2000లో కంపెనీయే 800లో ఆ ఇంజిన్‌తో ఐదు గేర్ల మోడల్ ఇచ్చింది కాబట్టి బానెట్ కింద పట్టదన్న భయం లేదు. కానీ ఆల్టో డ్యాష్‌బోర్డు 800లో కూర్చోదు, సీటు రైలింగుల రంధ్రాలు కొలిచి చూసుకోవాలి. జెన్ ఇంజిన్ 993 సీసీ, ఆర్సీలో సీసీ మారిపోతుంది. దాని జోలికి వెళ్లొద్దు. ఇంకో సంగతి: 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు వచ్చిన 13 నగరాల్లో కొత్త 800 అమ్మకం ఆగింది. హైదరాబాద్ వాటిలో ఒకటి. కాబట్టి వయసు తక్కువ 800 కావాలంటే జిల్లాల్లో వెతకాలి.

కార్బురేటర్ కారులో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ అంటే ఇంజిన్ పని, కారు లోపలి డ్యాష్‌బోర్డు పని వేరు కావు. చాలామంది తప్పుగా అంచనా వేసేది ఇక్కడే. ఇంజిన్ వైరింగ్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటికీ మధ్య రేకు) రంధ్రంలోంచి లోపలికి వచ్చి డ్యాష్‌బోర్డు కింద ఈసీఎంలో కలుస్తుంది. చెక్ ఇంజిన్ లైటు మీటరు బోర్డులో ఉంటుంది. ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారైతే తాళం చెవి, ఈసీఎం, ఇగ్నిషన్ స్విచ్ మూడూ ఒకే కారువి కావాలి. డ్యాష్‌బోర్డు ఎలాగూ విప్పాల్సిందే కనుక, డోనర్‌ది పెట్టడానికి అదే సమయం.

పెట్రోల్ ట్యాంకు కూడా మారాలి. కార్బురేటర్ 800లో ఇంజిన్‌కు తగిలించిన మెకానికల్ పంపు ఉంటుంది, దాని ప్రెషర్ నామమాత్రం. ఎంపీఎఫ్ఐకి ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు, అది దాదాపు పదింతల ప్రెషర్ ఇస్తుంది. పాత రబ్బరు గొట్టాలు, స్క్రూ క్లిప్పులు అలాగే ఉంచితే ఇంజిన్ బే అంతా పెట్రోలే, నిప్పంటుకోవడానికి ఒక్క చుక్క చాలు. ట్యాంకు, పంపు, ఫిల్టర్, పైపులు, రిలేలు, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న సైలెన్సర్ ముందు భాగం మొత్తం డోనర్ నుంచే తీయండి.

విప్పేటప్పుడు లోపలి సామాను ముందు, గ్రీజు పని తర్వాత. చేతులకు నల్లది అంటాక సీటు గుడ్డ ముట్టుకుంటే ఆ మరక పోదు. డోర్ ప్యాడ్ తీసేటప్పుడు అద్దం తిప్పే హ్యాండిల్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది. పాత బనియన్ గుడ్డ పేలికను హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి, రెండు కొసలు పట్టుకుని అటూ ఇటూ లాగితే క్లిప్పు టప్పున ఎగురుతుంది. రెండో చేత్తో ఆపకపోతే మళ్లీ దొరకదు. ప్యాడ్ క్లిప్పులు సగం విరుగుతాయి, ముందే ముప్పై నలభై కొని ఉంచుకోండి. యాక్సిడెంటైన కారు సీటు బెల్టులు మాత్రం వాడొద్దు.

ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ ముందు వెనక సీల్స్, గేరుబాక్సు యాక్సిల్ సీల్స్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చేయండి. తర్వాత వీటికోసం మళ్లీ దించితే కూలీ రెట్టింపు. గేరుబాక్సును ఇంజిన్‌కు కలిపేటప్పుడు షాఫ్టు మీద వేలాడనివ్వకండి, క్లచ్ ప్లేటు వంగుతుంది. నాలుగు గేర్ల నుంచి ఐదుకు మారితే గేరు లివర్, రాడ్లు, బుష్‌లు కూడా డోనర్‌వే. యాక్సిల్ లోపలి కొస బాక్సుకు, బయటి కొస హబ్బుకు సరిపోవాలి. అనుమానముంటే ఆ వైపు నకిల్‌తో (హబ్బును పట్టుకుని ఉండే ముక్క) సహా ఎత్తుకు రండి. మౌంటింగులు కొత్తవే వేయండి. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజిన్ కుదురుకున్నాక బిగించాలి. ముందే ఒక్కొక్కటీ బిగిస్తే, అసలే మూడు సిలిండర్లు, స్టీరింగ్ దాకా వణుకు వస్తుంది.

అన్నీ బిగించాక సెల్ఫ్ కొడితే క్లచ్ కేబుల్ వేడెక్కుతోందా? ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ మర్చిపోయారు. కరెంటు కేబుల్ గుండా వెళ్తోంది, నాలుగోసారికి లోపలి ప్లాస్టిక్ కరిగి కేబుల్ పట్టేస్తుంది. సెట్టు తెచ్చినవాళ్లకే ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ పట్టీ సెట్టుతో రాదు.

కాగితాలు. పని మొదలుపెట్టకముందే ఆర్టీవోలో అడిగి అనుమతి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చిన 14 రోజుల్లో ఆర్సీ తీసుకెళ్లి వివరాలు నమోదు చేయించాలి. అక్కడ డోనర్ ఆర్సీ, అమ్మకం కాగితం అక్కరకొస్తాయి, ఇంజిన్ నంబరు వాటితో సరిపోతుంది కదా. డోనర్ మీద ఫైనాన్స్ ఉందేమో కొనకముందే చూసుకోండి. సామాను తీశాక మిగిలిన బాడీని పెరట్లో వదిలేయకండి. అది ఇక నడవదని సెక్షన్ 55 కింద 14 రోజుల్లో ఆర్టీవోకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. టైర్లు, బ్యాటరీ, అద్దాలు విడిగా అమ్ముకోండి, రిజిస్ట్రేషన్ రద్దయ్యే దాకా మాత్రం ఆ బాడీని తూకానికి వేయకండి.