త్రీ బాడీ ప్రాబ్లమ్: 8 భాగాల సిరీస్ మేలా, 30 భాగాల సిరీస్ మేలా?

అమలాపురంలో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకునే పిల్లలూ, సాయంత్రాలు కాలువగట్టు మీద కలిసే మిత్రులూ చాలాకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. చైనా రచయిత లియు ట్సిషిన్ రాసిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ నవల ఆధారంగా వచ్చిన రెండు సిరీస్‌లలో ఏది చూడాలి, 2023 జనవరిలో చైనాలోని టెన్సెంట్ సంస్థ విడుదల చేసిన 30 భాగాల సిరీసా, 2024 మార్చి 21న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 8 భాగాల సిరీసా అని. మొదట్లో నేను తడుముకోకుండా చైనా సిరీస్ పేరే చెప్పేవాణ్ణి. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ సిరీస్ చూడమంటున్నాను. జవాబు ఎందుకు మారిందో ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. కథ స్థూలంగా తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. మలుపులు ముందుగా తెలియకూడదనుకునేవారు సిరీస్ చూశాక చదవవచ్చు.

దాళ్వా కోతల రోజుల్లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మొదటి నాలుగు భాగాలు చూసినపుడు నాకు నిరాశే మిగిలింది. నవలలో నానో పదార్థాల శాస్త్రవేత్త వాంగ్ మియావ్ ఒక్కడే మోసిన కథాభారాన్ని ఇక్కడ ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదువుకున్న ఐదుగురు స్నేహితులకు పంచిపెట్టారు, వర్తమాన కథను బీజింగ్ నుంచి లండన్‌కు తరలించారు. గ్రహాంతరవాసుల వల్ల భూమికంతటికీ రాబోయే ఆపద తిరిగి తిరిగి ఈ ఐదుగురి గుమ్మంలోనే ఎందుకు దిగుతుందో నమ్మించే ప్రయత్నం సిరీస్‌లో లేదు. వారి ప్రేమలూ అలకలూ చెప్పుకోవడానికి కేటాయించిన సమయంలో సగమైనా శాస్త్రానికి ఇచ్చి ఉంటే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నవలలో విశ్వమంతటా నిండిన 3 కెల్విన్ల నేపథ్య వికిరణం, అంటే విశ్వం పుట్టిన తొలినాళ్ళ నుంచి మిగిలిన కాంతి, మినుకుమినుకుమనడం ఒక శాస్త్రవేత్త గుండె ఆగిపోయేటంత సంగతి. పరికరం లేని కంటికి అది కనబడదు కనుకనే ఆ భయం అంత లోతుగా దిగుతుంది. నెట్‌ఫ్లిక్స్ వారు దాన్ని ఆకాశంలోని చుక్కలన్నీ ఒక్కసారి ఆరి వెలిగే దృశ్యంగా మార్చారు. చూడటానికి అది బాగానే ఉంది గాని, పాఠం చెప్పేవాడిగా నాకు బాధ కలిగింది.

ఈ విషయంలో చైనా సిరీస్‌కు సాటి లేదు. మూడు సూర్యుల మధ్య చిక్కుకున్న గ్రహం కదలికను ముందుగా లెక్కగట్టడం ఎందుకు అంత కష్టమో అది తొందరపడకుండా, కథలో పాత్రలు ఆడే వర్చువల్ రియాలిటీ ఆటలోని ఒక్కొక్క నాగరికత పుట్టి నశించడం చూపిస్తూ చెబుతుంది. చిన్ షి హువాంగ్ చక్రవర్తి సైన్యాన్నే గణనయంత్రంగా మార్చే ఘట్టం ఇందుకు మంచి ఉదాహరణ. ముగ్గురు సైనికులను నిలబెట్టి, చేతికి నల్ల జెండా, తెల్ల జెండా ఇచ్చి, ఇద్దరు ఎత్తిన రంగులను బట్టి మూడోవాడు ఏ రంగు ఎత్తాలో నేర్పితే కంప్యూటర్‌కు ఇటుకలాంటి ఒక లాజిక్ గేటు తయారవుతుంది. అలాంటి ముగ్గురి జట్లు లక్షల సంఖ్యలో కలిస్తే అదే కంప్యూటర్. నేను ఈ ఘట్టం చూపించిన తర్వాత ఇంటర్ పిల్లలను ముగ్గురేసి చొప్పున వరండాలో నిలబెట్టి అదే పని చేయించాను. బల్ల మీద పట్టికలు గీసినపుడు అర్థం కానిది వారికి పావుగంటలో అర్థమైంది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో కుబ్లయ్ ఖాన్ ఎదుట న్యూటన్, ట్యూరింగ్ ఇదే యంత్రాన్ని నిలబెడతారు గాని, అది ఎలా పనిచేస్తుందో మనకు తెలిసేలోగా దృశ్యం ముగుస్తుంది.

చైనా సిరీస్‌లో పోలీసు అధికారి షి చియాంగ్‌గా నటించిన యూ హెవెయ్ గురించి కూడా చెప్పాలి. చదువు తక్కువైనా లోకం తెలిసిన మనిషి, పెద్ద చదువుల వాళ్ళ భయాన్ని ఒక్క మాటతో దించగల మనిషి, మన ఊళ్ళలో కూడా కనబడతాడు. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ పాత్ర వేసిన బెనెడిక్ట్ వాంగ్ చక్కని నటుడే అయినా, ఆయనకు అంత చోటు ఇవ్వలేదు. అయితే చైనా సిరీస్ 20 గంటలకు పైగా సాగుతుంది; నవలలో లేని ఒక పత్రికా విలేఖరి పాత్రను చేర్చి తెలిసిన సంగతులనే మళ్ళీ చెప్పిస్తుంది; అందులో విదేశీ పాత్రల నటన కృతకంగా ఉంటుంది. వీటిని నేను పెద్ద లోపాలుగా ఎంచను.

నా దృష్టిలో ఈ కథ నిలిచినా పడినా ఒకే ఒక క్షణం దగ్గర. గ్రహాంతరవాసుల నుంచి, బదులివ్వవద్దని వారిలోనే ఒకరు పంపిన హెచ్చరిక అందిన తర్వాత కూడా, యె వెన్జియె అనే యువ శాస్త్రవేత్త వారిని భూమికి రమ్మని బదులిస్తుంది. మానవజాతి అంతటినీ పరాయివారి చేతిలో పెట్టే ఆ పని ఆమె ఎందుకు చేసిందో మన కడుపుకు తెలియాలి. తెలియకపోతే తర్వాతి కథ అంతా ఒక పిచ్చిపని వల్ల వచ్చిన చిక్కుగా తేలిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మొదలవడమే 1966లో బీజింగ్‌లో, సాంస్కృతిక విప్లవపు రోజుల్లో. ఆమె తండ్రి త్సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. సాపేక్ష సిద్ధాంతం బోధించాడన్న నేరం మోపి, కిక్కిరిసిన జనం ఎదుట, కట్టుకున్న భార్య చేతనే ఆయన మీద ఆరోపణలు చెప్పించి, చదువుకునే వయసు పిల్లలు ఆయనను బెల్టులతో కొట్టి చంపుతారు. గుంపులో నిలబడి కూతురు చూస్తుంది. ఏళ్ళు గడిచాక ఆ పిల్లల్లో ఒకతెను కలుసుకుంటే, ఆమెలో పశ్చాత్తాపం మచ్చుకైనా కనబడదు. మనుషులు తమను తాము బాగుచేసుకోలేరన్న నిశ్చయానికి యె వెన్జియె వచ్చే దారిలో ఒక్క మెట్టు కూడా తప్పించకుండా మనల్ని ఆమె వెంట నడిపించారు. యువతిగా జైన్ త్సెంగ్, వృద్ధురాలిగా రోసలిండ్ చావ్ ఆ పాత్రకు ప్రాణం పోశారు.

చైనా సిరీస్ ఈ హింసను పలుచన చేసి, సూచనగా మాత్రమే చెప్పి దాటింది. అక్కడి పరిస్థితుల్లో అంతకు మించి సాధ్యమయ్యేది కాదని నాకూ తెలుసు. నవలే చైనాలో 2008లో పుస్తకంగా వచ్చినపుడు ఈ ఘట్టాన్ని మధ్యలోకి జరిపారు. 2014లో కెన్ లియు చేసిన ఆంగ్లానువాదంలోనే రచయిత కోరుకున్నట్టు అది మొదటికి వచ్చింది. కారణం ఏదైనా, ఫలితం చూసేవాడికి కష్టంగానే ఉంటుంది. చైనా సిరీస్‌లో వయసు మళ్ళిన యె వెన్జియె ఎంత గంభీరంగా ఉన్నా, ఆమె నిర్ణయం నాకు ఒక వార్తలాగే అందింది. నెట్‌ఫ్లిక్స్‌లో రెండోసారి చూసినపుడు, ఆమె బదులిచ్చే దృశ్యం దగ్గర నేను సిరీస్ ఆపి కాసేపు వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. పాఠం చెప్పినందుకు చంపబడిన ఆ మాస్టారు నన్ను వదలలేదు.

అక్కడి నుంచి ఈ లోపాల సిరీస్ మీద నాకు మమకారం మొదలైంది. అయిదో భాగంలో పనామా కాలువ మీదుగా వెళుతున్న ఓడను కంటికి కనబడని నానో తంతువులతో కోసివేసే దృశ్యం ఉంది. ఆ ఓడలో పిల్లలు కూడా ఉంటారు. ఆ తంతువులను తయారుచేసిన ఆగీ, ఐదుగురిలో ఒకతె, ఆ బరువును తర్వాత దించుకోలేకపోతుంది. నేను మొదట విసుక్కున్న ఐదుగురు స్నేహితులు అక్కడ మనుషులయ్యారు. ఆపద రావడానికి ఇంకా 400 ఏళ్ళుందన్న మాట విన్నాక వారిలో ఒకరు పనిలో మునిగిపోతారు, ఒకరు ఆసక్తి వదులుకుంటారు, చావు దగ్గరపడిన విల్ గ్రహాంతరవాసులకు ఎదురుగా పంపే అంతరిక్ష ప్రయాణానికి తన మెదడునే ఇస్తాడు. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం విని, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగుల మొదటి ప్రమాద హెచ్చరిక రాకముందే గొడ్లను గట్టెక్కించే లంకల మనుషులను చిన్నప్పటి నుంచి చూశాను. హెచ్చరికకూ వరదకూ మధ్య ఒక రోజు ఉన్నపుడు ఏం చేయాలో మనకు తెలుసు. అదే గడువు 400 ఏళ్ళయితే మనిషి తన బతుకును ఎలా సర్దుకుంటాడన్న ప్రశ్నను చివరి మూడు భాగాలు నిజాయితీగా పట్టుకున్నాయి. ఐదుగురు ఉండటం ఇక్కడ పనికొచ్చింది. ఒక్క వాంగ్ మియావ్‌తో ఇన్ని రకాల స్పందనలు చూపడం కుదరదు.

చైనాలోనే బిలిబిలి వేదిక మీద 2022 డిసెంబరులో మొదలైన యానిమేషన్ సిరీస్ ఒకటి ఉంది. అది రెండో నవల కథతో మొదలవుతుంది కనుక కొత్తవారికి పనికిరాదు. నవల చదవగలిగినవారు నవలే చదవవచ్చు, అందులో సందేహం లేదు.

కాబట్టి సమయం తక్కువగా ఉన్నవారు నెట్‌ఫ్లిక్స్ సిరీస్ తీసుకుని, అయిదో భాగం వరకూ ఓపిక పట్టండి. సైన్సు విద్యార్థులు ఆ తర్వాత చైనా సిరీస్‌లో ఆట వచ్చే భాగాలు తప్పక చూడండి. దాని చివరి ఘట్టం కూడా వదలకండి. మనుషులను పురుగులని గ్రహాంతరవాసులు ఈసడించిన తర్వాత, కుంగిపోయిన శాస్త్రవేత్తలను షి చియాంగ్ తన ఊరి పొలానికి తీసుకువెళ్ళి మిడతల దండును చూపిస్తాడు. మనిషి ఎన్ని మందులు కనిపెట్టినా పురుగు ఓడిపోలేదని ఆయన మాట. నెట్‌ఫ్లిక్స్‌లో ఇదే ఘట్టాన్ని చిత్తడి నేలలోని కీచురాళ్ళతో తీశారు, అంత బలం రాలేదు. చైనా సిరీస్‌లోని ఆ దృశ్యాన్ని మా నాన్నగారికి చూపించాను. ఆయన 40 ఏళ్ళుగా వరిలో సుడిదోమతో పోరాడుతున్న రైతు. మందు ఎక్కువ కొడితే సాలీళ్ళు చచ్చి దోమ ఇంకా పెరగడం చూసి, ఇప్పుడు 2 మీటర్లకొక కాలిబాట తీస్తూ ఊడుస్తున్నారు. మిడతలు కమ్మిన పొలాన్ని ఆయన చాలాసేపు చూసి, మొత్తం సిరీస్ మొదటి నుంచి పెట్టమని అడిగారు. నేను నెట్‌ఫ్లిక్స్‌ది పెట్టాను.