టిబియల్ నరానికి టెన్స్ మెషీన్: ఏడాదికి పైగా వాడాక

వెన్నుపాము దెబ్బతిన్నాక మూత్రసంచి దానంతటదే బిగుసుకుని, క్యాథెటర్ టైము కాకముందే లీకవుతుంటే, మామూలు టెన్స్ మెషీన్ (చర్మానికి ప్యాడ్లు అంటించి నరానికి సన్నటి కరెంటు ఇచ్చేది) కొంత పనికొస్తుంది. కొంతే. సంచిని ఖాళీ చేయడం దీనివల్ల కాదు, క్యాథెటర్ మానే పని లేదు.

చీలమండ లోపలివైపు నుంచి పోయే టిబియల్ నరమూ మూత్రసంచి నరాలూ వెన్నుపాము చివరి భాగంలో, ఎస్2, ఎస్3 అనే చోట్ల దగ్గరే కలుస్తాయి. అందుకే ప్యాడ్లు కాలికి. ఒకటి లోపలి చీలమండ ఎముక వెనక, రెండోది దానికి 10 సెంటీమీటర్లు పైన. మెషీన్‌లో 10 హెర్ట్జ్, ఒక్కో పల్స్ 200 మైక్రోసెకన్లు, సమయం 30 నిమిషాలు. మోడ్ నార్మల్‌లోనే ఉండాలి, బర్స్ట్ (కరెంటు విడతలు విడతలుగా వచ్చేది) వద్దు.

అసలు తిప్పలు కరెంటు దగ్గరే. మెషీన్‌తో వచ్చే కాగితం 'హాయిగా చిమచిమలాడే వరకు పెంచండి' అంటుంది. స్పర్శ లేని కాలికి చిమచిమ ఎక్కడిది? బొటనవేలిని చూడాలి. ఒక్కో మెట్టు పెంచుతూ పోతే ఒకచోట అది సన్నగా వణుకుతూ కిందికి వంగుతుంది. అక్కడ ఒకటి రెండు మెట్లు తగ్గించి వదిలేయాలి. వేలు పైకి లేచినా, కాలంతా బిగుసుకున్నా అది స్పాజమ్ (కండరాలు వాటంతటవే పట్టేయడం). ఆపి, సద్దుమణిగాక మళ్ళీ మొదలుపెట్టాలి. పాదం వాచిన రోజు కరెంటు ఎక్కువ అడుగుతుంది. ఎంత పెంచినా వేలు కదలకపోతే ప్యాడ్ జరపండి. దెబ్బ వెన్నుపాము కింద ఉండే నరాల గుత్తికే తగిలితే మాత్రం ఇది పనిచేయడం కష్టం.

ప్యాడ్ల జిగురు ఎండితే అంచు లేస్తుంది, అంటుకున్న కాస్త చోటే కరెంటంతా దిగి చర్మం కాలుతుంది, నొప్పి తెలియదు. తీశాక ప్రతిసారీ చర్మం చూడండి. ఎరుపు గంటలోపు పోకపోతే ఆ చోట మళ్ళీ పెట్టొద్దు. కాలికి నూనె, క్రీము ఉంటే ముందే కడగాలి.

టీ6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస స్థాయి), అంతకంటే పైన దెబ్బ ఉన్నవాళ్ళు సంచి ఖాళీ చేసుకున్నాకే మొదలుపెట్టాలి. తలపోటు, ముఖాన చెమటలు వస్తే వెంటనే ఆపి, నిటారుగా కూర్చుని, బీపీ ఒక్కసారిగా పెరిగిందేమో చూడాలి. పేస్‌మేకర్ ఉంటే అసలు వద్దు.

6 నుంచి 12 వారాలు ఆగితే గానీ ఫలితం తెలీదు. మొదలుపెట్టే ముందు మూడు రోజులు, ఆ వారాలు గడిచాక మూడు రోజులు క్యాథెటర్‌లో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, మధ్యలో ఎన్నిసార్లు తడిసిందో రాయండి. యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉన్న వారం లెక్కలోకి రాదు. లీకేజీ తగ్గింది కదాని యూరోడైనమిక్ పరీక్ష (సంచి లోపలి ఒత్తిడి కొలిచేది) మానొద్దు: బట్టలు పొడిగా ఉన్నా లోపల ఒత్తిడి కిడ్నీలకి ఎగదన్నుతూనే ఉండొచ్చు.