అబిడ్స్ ఆదివారపు పుస్తకాల బజారు: దించిన షట్టర్ల ముందు అంగడి

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ బజారుకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. తలుపూ బోర్డూ లేని అంగడికి సమీక్ష ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే వ్యాపారం మాదాపూర్, గచ్చిబౌలి వైపు తరలి, ఊరు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాకా పరుచుకున్నాక, పాత నడిబొడ్డుకు జనాన్ని ఇంకా రప్పిస్తున్నది ఏమిటో తెలియాలంటే ఇక్కడే చూడాలి.

ఆదివారం అక్కడి పెద్ద దుకాణాలు చాలావరకు తెరవరు. జనరల్ పోస్టాఫీసు కూడలి చుట్టుపక్కల వాటి మెట్ల మీద, దించిన షట్టర్ల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. అంటే దుకాణాలు మూసి ఉండటమే ఈ బజారుకు ఆధారం. ఆ మాటకొస్తే అబిడ్స్ పేరే ఒక మాయమైన దుకాణానిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మేనియా జాతీయుడు ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన అంగడి పోయి ఎన్నో ఏళ్లయినా పేరు మిగిలింది.

సరుకు విషయానికి వస్తే, పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్ పాఠ్యగ్రంథాలు, ఇంగ్లీషు నవలలు కుప్పలుగా దొరుకుతాయి. తెలుగు పుస్తకాలకు మాత్రం ఓపికగా వంగి వెతకాలి. కొత్తగా మెరిసే నవలల్లో దొంగ ముద్రణలు ఎక్కువ. కాగితం పట్టుకుంటేనే తెలిసిపోతుంది. నేను ఒకసారి నూట ఇరవై చెప్పిన నిఘంటువును బేరమాడి ఎనభైకి తీసుకున్నాను. లోపలి అట్టపై సిరాతో ‘వ్యాసరచనలో ద్వితీయ బహుమతి, 1974’ అని రాసి ఉంది. ఇంటికి వచ్చి చూస్తే ‘ప’ అక్షరం మధ్యలో పదహారు పేజీలు లేవు. తరువాతి ఆదివారం తీసుకెళ్తే, రసీదు అన్నదే లేకపోయినా, అమ్మినాయన మారు మాట్లాడకుండా అడుగున వెతికి మరో ప్రతి ఇచ్చాడు. వారం వారం అదే మనిషి అదే మెట్టు మీద కూర్చోవడం వల్లనే ఆ నమ్మకం నిలుస్తోంది.

నాకు తెలిసిన ఒక పాత భవనం కింది అంతస్తు చాలాకాలంగా ఖాళీగా ఉంది. పై కిటికీకి కట్టిన ‘అద్దెకు ఇవ్వబడును’ బోర్డుపై ఫోను నంబరు ఎండకు వెలిసిపోయింది. మామూలు రోజుల్లో దాని ముందు బైకులు తప్ప మనుషులు ఆగరు, ఆదివారం మాత్రం అక్కడే కాలు పెట్టే సందు ఉండదు. అయినా ఈ రద్దీని చూసి ప్రాంతం కోలుకుందని అనలేను. వారానికి ఒక్కరోజు వచ్చే జనం ఆ హాలుకు అద్దె కట్టరు. దాన్ని చిన్న చిన్న మడిగలుగా విడగొట్టి, భరించగల అద్దెకు ఇస్తే, ఈ అమ్మకందార్లలో కొందరైనా మిగతా ఆరు రోజులూ కూర్చుంటారని నా అభిప్రాయం. ఢిల్లీ దర్యాగంజ్‌లో ఇలాంటి ఆదివారపు బజారును 2019లో రోడ్డు పక్కనుంచి ఎత్తించి మహిళా హాట్ ఆవరణలోకి మార్చారు. ఇక్కడ ఆ పని చేయకూడదు. ఆవరణలోకి పుస్తకం కావాలనుకున్నవాడే వెళ్తాడు, ఫుట్‌పాత్ మీదనైతే తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తిని వస్తున్నవాడు కూడా ఆగుతాడు.

లోపాలు లేకపోలేదు. నీడ లేదు, దగ్గరలో శుభ్రమైన మూత్రశాల దొరకదు, చినుకు పడితే పట్టాలు కప్పేసి బేరం ఆపేస్తారు. బండి నిలిపే చోటు కోసం తిరిగే కంటే 2018లో మొదలైన నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి పదిహేను నిమిషాలు నడవడం నయం. పదకొండు లోపు చేరితే మంచి పుస్తకాలు ఇంకా పైనే ఉంటాయి. సంచి మాత్రం ఇంటినుంచే తెచ్చుకోవాలి. అక్కడ ఇచ్చే పలచటి కవరు తిరిగి స్టేషన్ చేరేదాకా ఆగదు.